స్తంభం మీద మనిషి ఉన్నంతసేపు

"ఏవండీ, చేరారా?" అని వైర్‌లెస్ సెట్టులో అడిగింది సబ్‌స్టేషన్ ఆపరేటరమ్మ.

సెట్టు కాసేపు గరగరలాడి, ఆమె భర్త గొంతు పలికింది. "చేరాను. కల్వర్టు పక్క స్తంభం కింద మహారాజులా నిలబడ్డాను. ఎదురొచ్చి పలకరించడానికి కుక్క కూడా లేదు."

"హాస్యాలాడకండి. ఊరంతా వింటోంది."

"విననీవే. సినిమాల్లేవు, టీవీ లేదు. మన కాపురమైనా వినకపోతే జనానికి పొద్దెలా పోతుంది?"

నిజంగానే ఊరంతా వింటోంది. సెల్‌ఫోన్ టవర్లు కూలిపోయాక ఆ ఊళ్ళో మాటలన్నీ చేతి సెట్ల మీదే నడుస్తున్నాయి. ఆస్పత్రిలో ఒక సెట్టు, నీళ్ళ ట్యాంకు దగ్గర ఒకటి, సబ్‌స్టేషన్‌లో ఒకటి, లైన్‌మన్ నడుముకి ఒకటి. మాట్లాడేవాళ్ళు నలుగురైతే వినేవాళ్ళు నాలుగొందలమంది. ఇటు సైన్యం వింటుంది. అటు కొండమీదవాళ్ళు వింటారు. ఆ సంగతి అందరికీ తెలుసు, అయినా ఎవరి పని వాళ్ళు చేసుకుపోవాలి కదా.

ప్రభుత్వం ఉందా అంటే, ఉంది. రేడియోలో ఉంది. అంతా సవ్యంగా ఉందని రోజూ చెబుతుంది. జీతాలు రావడం ఎప్పుడో మానేశాయి, ఇంజనీరుగారు సెలవు పెట్టి సరిహద్దు దాటారు, కోర్టు గుమ్మానికి తాళం తుప్పు పట్టింది. సైన్యం దగ్గర ఆకాశంలో ఎగిరే కెమెరా ఉంది, కొండ బద్దలుకొట్టే ఫిరంగి ఉంది. కొండమీదవాళ్ళకు హవాయి చెప్పులు, పాత తుపాకులు తప్ప ఏమీ లేవు. అయినా వీళ్ళు వాళ్ళని కొండ దింపలేరు, వాళ్ళు వీళ్ళని ఊరు దాటించలేరు. అంత పెద్దది ఇంత చిన్నదాన్ని ఎందుకు గెలవలేకపోతోందో ఆపరేటరమ్మకు అర్థమయ్యేది కాదు. పైన డ్యామ్‌లో నీళ్ళు మాత్రం ఎవరినీ అడక్కుండా దూకుతున్నాయి, కరెంటు పుడుతోంది, కాబట్టి ఆమె రోజూ దణ్ణం పెట్టుకుని డ్యూటీకి వస్తోంది. ఎవరి కోసం వస్తున్నావని అడిగితే ఒకటే చెప్పేది. రాకపోతే కాళ్ళూచేతులూ ఆడవు, అంతే.

కానీ ఆ రోజు ఎవరి కోసం వచ్చిందో ఆమెకు బాగా తెలుసు.

క్రితం సాయంత్రం కల్వర్టు దగ్గర ఇరువైపులవాళ్ళూ కాల్చుకున్నారు. సైన్యంవాళ్ళు కొందరు, కొండవాళ్ళు కొందరు దెబ్బలు తగిలి ఆ పల్లంలోనే పడిపోయారు. వెళ్ళినవాణ్ణి వెళ్ళినట్టే అవతలివాళ్ళు కాల్చేస్తారు గనక ఎత్తుకొచ్చే దిక్కు లేదు. నిచ్చెన మోసే లైన్‌మన్ని మాత్రం ఇప్పటిదాకా ఎవరూ కాల్చలేదు. ఆ కాల్పుల్లోనే ఎవరి తూటాకో స్తంభం మీది పింగాణీ గిన్నె పగిలి ఆస్పత్రికి వెళ్ళే లైను తెగింది. ఆస్పత్రి జనరేటరులో డీజిలు అడుగంటింది. అక్కడ గాజుపెట్టెల్లో నెలలు నిండకుండా పుట్టిన పిల్లలు పడుకుని ఉన్నారు. అందులో ఒకత్తె ఆపరేటరమ్మ అక్క కూతురు. పేరైనా పెట్టలేదు, గుప్పెడంత ఉంది.

ఆ పిల్ల తండ్రి, అంటే ఆపరేటరమ్మ బావ, కొండమీద ఉన్నాడు. తోడల్లుళ్ళిద్దరూ ఒకప్పుడు ఒకే నిచ్చెన మోసిన లైన్‌మన్లు. జీతాలు ఆగిన ఏడాది బావకి కోపం నషాళానికి అంటి ఒకరోజు కొండెక్కేశాడు. పనికోసం దూరం వెళ్ళాడని ఇంట్లోవాళ్ళు ఊరికి చెప్పుకున్నారు. కూతురు పుట్టిందన్న కబురు కూడా అతనికి చేర్చలేకపోయారు. ఆ సబ్‌స్టేషన్ ఆవరణలోనే ఇసుక బస్తాలు పేర్చుకుని సైన్యం మకాం వేస్తే, కబురు ఎట్లా పంపుతారు?

"ఆస్పత్రి లైనుకు లైన్ క్లియర్ కావాలి," అన్నాడు భర్త. ఈసారి గొంతులో హాస్యం లేదు.

కరెంటు పని ఎరిగినవాళ్ళకు ఆ మాట ప్రాణం. స్తంభం ఎక్కేముందు లైన్‌మన్ లైన్ క్లియర్ అడుగుతాడు. సబ్‌స్టేషన్‌లో ఆపరేటరు ఆ లైనుకు కరెంటు ఆపి, స్విచ్చికి తాళం వేసి, 'మనుషులు పని చేస్తున్నారు' అన్న ఎర్ర బోర్డు తగిలించి, ఇచ్చానని చెబుతారు. అడిగి తీసుకున్న మనిషే దిగొచ్చి తన నోటితో తిరిగివ్వాలి. అప్పటిదాకా ఆ స్విచ్చి ముట్టే హక్కు మంత్రికి కూడా లేదు.

ఆమె బ్రేకరు దించింది, తాళం వేసింది, బోర్డు తగిలించింది, తాళంచెవి జాకెట్టులో దోపుకుంది. సెట్టు నోటి దగ్గర పెట్టుకుని స్పష్టంగా పలికింది.

"ఆస్పత్రి వైపు లైన్ క్లియర్ ఇచ్చాను. ఎక్కండి."

కిటికీలోంచి చూస్తే రోడ్డు తిన్నగా కల్వర్టు దాకా కనిపిస్తుంది. స్తంభం మీదికి ఒక చుక్క పాకడం మొదలుపెట్టింది. ఆ చుక్క ఆమె మొగుడు. దేవుడా, ఆ చుక్కని నువ్వే పట్టుకో, అనుకుంది.

ఆ అనుకోవడం పూర్తికాకముందే తలుపు గోడకి కొట్టుకుంది. కెప్టెన్ లోపలికి దూసుకొచ్చాడు. వెనకాల తుపాకి పట్టుకున్న సిపాయి.

"ఎవరికమ్మా క్లియర్ ఇచ్చావు?"

"మా ఆయనకి సార్."

"ఆస్పత్రి వైపు దారి క్లియర్, ఎక్కండి అని సెట్టులో అరిచావు! మా సైన్యం ఆ వైపు లేదు, రోడ్డెక్కండని వాళ్ళకి చెప్పడం కాదా అది?"

పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ వింటున్న మాట. దానికి ఇంకో అర్థం ఉంటుందని కలలో కూడా తోచలేదు.

"దారి కాదు సార్, తీగ! కరెంటు తీగ! ఎక్కడం అంటే స్తంభం ఎక్కడం!"

"తీగో తాడో, వాళ్ళు మాత్రం దిగుతున్నారు!" కెప్టెన్ చేతిలోని ఫోను ఆమె ముఖం ముందు పెట్టాడు. ఎగిరే కెమెరా పంపుతున్న బొమ్మ. కొండవాలు మీద రాళ్ళ మధ్య చీమల బారులా మనుషులు. "నువ్వు ఆ మాట అనగానే లేచారు. నువ్వు వాళ్ళతో కలిశావని నేను అనడం లేదు. కానీ వాళ్ళు కూడా నాలాగే విన్నారు. ఆ క్లియర్ ఏదో ఇప్పుడే రద్దు చెయ్."

"అది నేను రద్దు చెయ్యడానికి లేదు సార్. తీసుకున్నవాళ్ళే ఇవ్వాలి."

"నేను చెబుతున్నా కదా!"

"ఎవరు చెప్పినా సరే సార్. రద్దు అంటే కరెంటు వెయ్యడం. ఆయన చేతులు తీగ మీద ఉన్నాయి!"

ఇదంతా వింటున్న సిపాయికి ఏం అర్థమైందో గానీ, రద్దు అన్న మాట పట్టుకుని ఎర్ర బోర్డున్న స్విచ్చి తాళం పీకడానికి చెయ్యి చాచాడు. ఆపరేటరమ్మ ఒక్క ఉదుటున వెళ్ళి ఆ పెట్టెకు వీపు ఆనించి నిలబడింది. గట్టిగా మాట్లాడి ఎరగని మనిషి.

"నాయనా, మీ అమ్మకి ఎంతమంది కొడుకులో నాకు తెలియదు. నాకు మొగుడు ఒక్కడే. ఇది ముట్టుకోవాలంటే ముందు నన్ను ముట్టుకో."

సిపాయి చెయ్యి గాలిలో ఆగిపోయింది. కెప్టెన్‌కి అప్పటికి తల్లో వెలిగినట్టుంది. "వెనక్కి రా!" అని సిపాయిని కసిరాడు. కిటికీలోంచి స్తంభం వైపు చూశాడు, ఫోనులో చీమల బారు చూశాడు. ముఖం చెమటతో తడిసిపోయింది. చిన్న వయసే, ముప్ఫై దాటి ఉండవు.

"సరే. నువ్వన్నదే నిజమనుకుందాం. కానీ వాళ్ళు కల్వర్టు దాకా వచ్చారంటే నా ఫిరంగి పేలక తప్పదు. నా వెనకాల ఊరుంది. కల్వర్టు పక్కన మీ ఆయన ఉన్నాడని ఫిరంగికి తెలియదు."

"వాళ్ళని నేను ఆపుతాను సార్."

"నువ్వా?"

"వాళ్ళని లేపింది నా మాటే కదా. కూర్చోబెట్టేది కూడా అదే చేస్తుంది." ఆ ధైర్యం ఎక్కణ్ణుంచి ఊడిపడిందో ఆమెకే తెలియదు.

సెట్టు నొక్కింది. "కొండమీది అన్నలూ, వింటున్నారా? లైన్ క్లియర్ అంటే మీకు దారి క్లియర్ అని కాదు. కరెంటు పని మాట. స్తంభం మీద మనిషి ఉన్నాడు. దయచేసి ఎక్కడివాళ్ళు అక్కడే ఆగండి."

సెట్టులోంచి బొంగురు గొంతు నవ్వింది. "ఏమ్మా, మా చెవుల్లో పువ్వులు కనిపిస్తున్నాయా? పక్కన కెప్టెన్ తుపాకి పట్టుకుని చెప్పిస్తున్నాడా లేదా? నిజం చెప్పు."

ఆమె పక్కకి చూసింది. కెప్టెన్ ఉన్నాడు, తుపాకీ ఉంది. అబద్ధం ఆడడం ఆమెకు చేతకాదు.

"పక్కనే ఉన్నారన్నా. తుపాకీ ఉంది. కానీ చెప్పించడం లేదు, నేనే చెబుతున్నా."

"చూశారా, ఒప్పుకుంది!" అని ఆ గొంతు ఎవరితోనో అంది. "దిగండ్రా, ఆగొద్దు. మనవాళ్ళు నిన్నట్నుంచి ఆ పల్లంలో మూలుగుతున్నారు."

నిజం చెప్పినందుకు వచ్చిన ఫలితం ఇది. దేవుడి లెక్కలు దేవుడికే అర్థం కావాలి అనుకుంది ఆమె.

"ఇదిగో," అని భర్త గొంతు సన్నగా వినిపించింది. "ఎవరో కొండ దిగుతున్నారే. నన్ను చూడ్డానికేనా?"

"పని కానివ్వండి! కిందికి చూడకండి!"

"తెగిన చోట ఒక్క జంపరు తీగ బిగిస్తే అయిపోతుంది. ఒక్కటే."

ఫోనులో బారు సగం వాలు దాటింది. బయట ఫిరంగి దగ్గర సిపాయిల అరుపులు. ఆమెకు ఇంక ఒకే దారి మిగిలింది. ఆ దారిలో అడుగు పెడితే ఇంట్లో అందరూ కలిసి ఇన్నాళ్ళు నోరు నొక్కుకుని దాచింది వీధిన పడుతుంది. కళ్ళు మూసుకుని నొక్కింది.

"బావా! వింటున్నావా? నేను, నీ మరదల్ని."

కెప్టెన్ తల గిరుక్కున తిరిగింది. ఆమె సెట్టు వదల్లేదు.

"నువ్వు పలికితే నా మీదికి వస్తుందని ఊరుకున్నావు. నాకు తెలుసు. వచ్చేది ఎలాగూ వచ్చేసింది, ఇంక పలుకు. బావా, అక్క ప్రసవించింది. నెలలు నిండలేదు. పిల్లని గాజుపెట్టెలో పెట్టారు. ఆ పెట్టెకి కరెంటు లేదు. కల్వర్టు పక్క స్తంభం మీద నీ తోడల్లుడు నీ పిల్ల కోసమే తీగ కడుతున్నాడు. ఇది కుట్రంటావా? అను!"

గరగర. గరగర.

"పిల్లా?" అంది కొత్త గొంతు. ఎంతగా మారిపోయినా ఆమె ఆనవాలు పట్టేసింది. "ఆడపిల్లా?"

"ఆడపిల్లే. అచ్చం నీ ముక్కే, పాపం."

ఎక్కడో ఎవరో సెట్టు నొక్కి మరీ నవ్వారు. కొండవాడో, సిపాయో, నీళ్ళ ట్యాంకువాడో.

"మరదలా," అన్నాడు బావ. గొంతు ఒక్కసారిగా పాత లైన్‌మన్ గొంతైపోయింది. "ఈ లైన్ క్లియర్ ఎవరు తీసుకున్నారు?"

"ఆయనే."

"ఆ తీగ మీది కాకేనా? తీగకి ఎర్త్ గొలుసు వేసుకున్నాడా? ఎప్పుడూ మరిచిపోతాడు వెధవ."

"వేసుకున్నానయ్యా బాబూ!" అని స్తంభం మీంచి కేక. "పాఠాలు తర్వాత చెబుదువుగాని, ముందు నీ చుట్టాలని ఆపు!"

అప్పుడు బావ సెట్టు వదలకుండానే అరిచాడు. వాళ్ళవాళ్ళకి, వీళ్ళకి, ఊరికి, అందరికీ కలిపి అరిచాడు. "ఆగండ్రా! ఎక్కడివాడు అక్కడే కూర్చోండి! ఇది కరెంటు శాఖ రూలు! లైన్ క్లియర్ తీసుకుని స్తంభం మీద మనిషి ఉన్నంతసేపు ఆ చుట్టుపక్కల ఒక్క తుపాకి పేలకూడదు, ఒక్క కాలు కదలకూడదు! కదిలామా, మన పిల్లల గాజుపెట్టెలు మనమే పగలగొట్టినట్టు! అన్నా, నువ్వు నన్ను నమ్ముతావా లేదా?"

బొంగురు గొంతు ఏదో గొణిగింది. కెప్టెన్ ఫోను చూస్తున్నాడు. చీమల బారు కల్వర్టుకి అంత దూరంలో నెమ్మదించింది, చెదిరింది. ఒక్కొక్కటే రాళ్ళ వెనక కూలబడింది.

"కూర్చున్నారు," అన్నాడు కెప్టెన్, నమ్మలేనట్టు. ఆమె వైపు తిరిగాడు. "నిజంగా అలాంటి రూలు ఉందా అమ్మా?"

అలాంటి రూలు ఏ పుస్తకంలోనూ లేదు. బావ అప్పటికప్పుడు పుట్టించాడు. లేదంటే ఫిరంగి, ఉందంటే అబద్ధం.

"ఉంది సార్. ఇవాళ్టి నుంచి."

కెప్టెన్ ఆమెను ఒక క్షణం చూసి కిటికీలోంచి తల బయటపెట్టాడు. "ఫిరంగి దగ్గర ఎవడూ చెయ్యి వెయ్యొద్దు! స్తంభం మీద మనిషి దిగేదాకా!"

జంపరు బిగిసింది. భర్త దిగాడు. "ఆస్పత్రి లైన్ క్లియర్ తిరిగిస్తున్నాను. మనుషులు లేరు, ఎర్త్ తీశాను," అని పద్ధతిగా చెప్పాడు. ఆమె తాళం తీసి, బోర్డు దించి, దేవుణ్ణి తలుచుకుని బ్రేకరు వేసింది. ధన్‌మని శబ్దం. మీటరు ముల్లు లేచి నిలబడింది. వెంటనే సెట్టులో ఆస్పత్రి నర్సు కేకలు. "వచ్చింది! వచ్చింది! పెట్టెలన్నీ వెలిగాయి!" ఆ వెనకాల ఎవరో ఏడుస్తున్నారు, అక్కే అయ్యుంటుంది. ఆపరేటరమ్మ కుర్చీలో కూలబడి, నవ్వొస్తోందో ఏడుపొస్తోందో తెలియక చెంగుతో ముఖమంతా తుడుచుకుంది.

"అమ్మా," అన్నాడు కెప్టెన్. గొంతు తగ్గించాడు. "మీ బావ సంగతి నేను పైకి చెప్పక తప్పదు. ఊరంతా విన్నది. ఏమవుతుందో నాకూ తెలియదు."

"తెలుసు సార్."

"అది తర్వాత. ఇప్పుడొక మాట." అతను రోడ్డు వైపే చూస్తున్నాడు. "ఆ పల్లంలో నావాళ్ళు ముగ్గురున్నారు. పొద్దున ఒకడి కేక వినిపించింది. మీ ఆయన దిగిపోయాడు కాబట్టి రూలు కూడా అయిపోయింది. మళ్ళీ మొదలవుతుంది." కాస్త ఆగి, సిగ్గుపడుతున్నట్టు అడిగాడు. "అతన్ని ఇంకాసేపు స్తంభం మీద ఉంచగలవా?"

ఆమె లేచి నిలబడింది. ఇప్పుడే కదా మొగుడు నేల మీద కాలు పెట్టాడు. సైకిలెక్కి తొక్కితే ఇంటికి వచ్చేస్తాడు. పైగా ఆస్పత్రి లైనులో కరెంటుంది, ఆ స్తంభం ఎక్కడానికి వీల్లేదు. కానీ కల్వర్టు అవతల వీధిదీపాల స్తంభం ఒకటుంది. ఆ లైనులో కరెంటు పారి ఏళ్ళు గడిచాయి. తీగ కూడా సగం దొంగలపాలైంది. ఎండిన స్తంభం.

సెట్టు చేతిలోకి తీసుకుంది. ఇంటికి రమ్మనడం సులువు. ఎవరి కొడుకో మూలుగుతున్నాడు, అది వినీ రమ్మనడం ఎలా? తన మొగుణ్ణి అడ్డం పెట్టే హక్కు తనకుందా? భర్తనే అడుగుదామనుకుంది.

"ఏవండీ. వీధిదీపాల లైనులో ఏదో... పనుందటండీ. చేస్తారా? చెయ్యకపోయినా తప్పులేదు. మీ ఇష్టం."

సెట్టు గరగరలాడింది. భర్త కొండ వైపు చూశాడో, పల్లంలోకి చూశాడో ఆమెకు కనిపించలేదు.

"వీధిదీపాలా," అన్నాడు చివరికి. "అవునవును. ఏళ్ళ తరబడి పెండింగ్‌లో ఉన్న పని. అన్నం చల్లారిపోతుందని నువ్వే తర్వాత సణగకూడదు. వీధిదీపాల లైనుకు లైన్ క్లియర్ కావాలి."

ఆమె పక్క పెట్టె దగ్గరికి వెళ్ళింది. దుమ్ము పట్టిన స్విచ్చి. ఎప్పుడో ఆపి ఉన్నదే. అయినా దానికి తాళం వేసింది, ఎర్ర బోర్డు తగిలించింది. ఇది అబద్ధమా? లైను క్లియర్‌గానే ఉంది కదా, ఇంతకంటే క్లియర్‌గా ఉన్న లైను దేశంలో ఇంకోటి లేదు. తప్పయితే నాకే రాసిపెట్టు స్వామీ, అనుకుని సెట్టు నొక్కింది.

"వీధిదీపాల లైనుకు లైన్ క్లియర్ ఇచ్చాను. ఎక్కండి."

కొండమీంచి బావ అడిగాడు, ఎంతో గంభీరంగా. "ఏం పనమ్మా అది?"

ఆపరేటరమ్మ సెట్టుని కెప్టెన్‌కి అందించింది. "మీరు చెప్పండి సార్. పని మీది."

కెప్టెన్ తడబడుతూ సెట్టు అందుకున్నాడు. "పల్లంలో పడినవాళ్ళని తీసుకొచ్చే పని," అన్నాడు. "మావాళ్ళని మేము, మీవాళ్ళని మీరు. నేనే వస్తున్నాను, నా చేతిలో ఏమీ ఉండదు."

నడుముకున్న తుపాకి తీసి ఆమె టేబులు మీద, టీ గ్లాసు పక్కన పెట్టి బయటికి నడిచాడు. ఇద్దరు సిపాయిలు స్ట్రెచరు ఎత్తుకుని వెనకాల పరుగెత్తారు. అటు రాళ్ళ వెనక నుంచి ఇంకా ఎవరూ లేవలేదు. ఆమె కిటికీ ఊచలు రెండు చేతులా పట్టుకుంది. రోడ్డు మీద కెప్టెన్ అందరికంటే ముందు, చేతులు దూరంగా పెట్టుకుని నడుస్తున్నాడు. ఎండలో అతని నీడ కూడా భయపడుతున్నట్టు పొట్టిగా ఉంది.

"ఇదిగో!" భర్త గొంతు ఒక్కసారిగా లేచింది. "లేచారే! రాళ్ళ వెనకాల నుంచి లేచారు! చేతులు ఖాళీ! ముందు నడుస్తున్నది ఎవరనుకున్నావు? మన ముక్కుపొడుగాయనే! దుప్పట్లు పట్టుకొస్తున్నారు. ఇటు కెప్టెన్ పల్లంలోకి దిగాడు. వీళ్ళూ దిగుతున్నారు. ఒసేయ్, వింటున్నావా? ఒకణ్ణి ఎత్తారు! చెయ్యి ఊపుతున్నాడే, బతికే ఉన్నాడు!"

"వింటున్నాను, వింటున్నాను," అంది ఆమె. ఊరంతా వింటోంది. "మీరు మాత్రం రెండు చేతులతో స్తంభం పట్టుకోండి! ఊపకండి, అప్పుడే దిగకండి!"

"నేనెందుకు దిగుతానే ఇప్పుడు," అన్నాడు భర్త. "రెండోవాణ్ణి ఎత్తుతున్నారు."